నచ్చిన కుక్కా? నప్పే కుక్కా?

కుక్కపిల్ల ముద్దుగా ఉండేది ఆరు నెలలు. మనతో ఉండేది పన్నెండేళ్లు. అందుకే తెచ్చుకునే ముందు చూడాల్సింది దాని కళ్లనీ బొచ్చునీ కాదు... మన ఇంటినీ, మన తీరికనీ, మన ఎండలనీ!

వేసవి సెలవులు వచ్చాయంటే చాలా ఇళ్లలో ఒకటే పోరు. ‘నాన్నా, కుక్కపిల్లని కొనవా?’ అని. కొందరిళ్లలో ఆ పోరు రెండ్రోజుల్లో చల్లారిపోతుంది. ఇంకొందరిళ్లలో ఆదివారం సాయంత్రానికల్లా అట్టపెట్టెలో కుక్కపిల్ల వచ్చేస్తుంది. నెలరోజులు కూర్చుని ఆలోచించి నిర్ణయం తీసుకునేవాళ్లు మాత్రం తక్కువ. హైదరాబాద్‌ కూకట్‌పల్లిలోని ఓ కుటుంబం ఆ తక్కువమందిలో ఒకటి. అదీ అనుకోకుండానే!

మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. ఏడో తరగతి చదివే బాబు. పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికొచ్చేసిన నానమ్మ. బాబుకి హస్కీ కావాలి. నీలికళ్లు, తోడేలు లాంటి మొహం, ఒత్తయిన బొచ్చు... ఫోన్లో వీడియోలు చూసి చూసి పేరు కూడా పెట్టేసుకున్నాడు. ‘ఎవరు చూస్తార్రా దాన్ని?’ అంటే ‘నేనే!’ అంటాడు ఠక్కున. మార్కులు బాగా వస్తే కొంటానని తండ్రి మాటిచ్చాడు. మార్కులు వచ్చాయి. ఎవరో అమ్మేవాళ్లు ఫోన్‌కి ఫొటోలు పంపారు. అడ్వాన్సు కట్టడమే తరువాయి. ‘ముందు ఒకసారి డాక్టర్ని కలువు, ఏ టీకాలు వేయించాలో అడుగు’ అని ఆఫీసులో ఓ మిత్రుడు చెబితే, తండ్రీకొడుకులు దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరికెళ్లారు. 

ఆయన కుక్క గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటి గురించే అడిగాడు. సొంతిల్లా, అద్దిల్లా? పొద్దున్నే ఆరింటికి లేచి దాన్ని బయట తిప్పేదెవరు? సంక్రాంతికి ఊరెళితే ఎక్కడ ఉంచుతారు? తిండికీ మందులకీ నెలకి ఎంత పెట్టగలరు? చివరగా, ‘పగలంతా ఇంట్లో ఎవరుంటారు?’ అన్నాడు.

‘మా అమ్మ ఉంటుందండీ.’

‘ఆవిణ్ని అడిగారా?’

తండ్రీకొడుకులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అడగలేదు.

మంచుదేశపు అతిథి

హస్కీ పుట్టిల్లు సైబీరియా. అక్కడి చుక్చీ తెగవాళ్లు మంచులో బళ్లు లాగించడానికి పెంచుకున్న జాతి. 1925లో అలస్కాలోని నోమ్‌ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే, మందు తీసుకెళ్లడానికి రైలు లేదు, విమానం ఎగరలేదు. అప్పుడు 20 మంది బళ్లవాళ్లు, దాదాపు 150 కుక్కలు వంతులవారీగా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మంచుదారిని ఐదున్నర రోజుల్లో దాటించాయి. హస్కీలకి లోకమంతా పేరొచ్చింది ఆ పరుగుతోనే.

అలాంటి కుక్క మే నెలలో కూకట్‌పల్లి బాల్కనీలో ఉంటే ఏమవుతుంది? దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చు. మనకి పట్టినట్టు కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే మార్గం. బయట 42 డిగ్రీలుంటే ఎంత రొప్పినా చాలదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌ దాకా ఉంటుంది. అది 105 దాటిందంటే ప్రాణానికే ముప్పు. ‘పోనీ, బొచ్చు గొరిగించేస్తే?’ అంటారు చాలామంది. ఆ బొచ్చు నేరుగా ఎండ తగలకుండా కాపాడుతుంది కూడా. గొరిగిస్తే చర్మం మాడుతుంది. ఏసీ గదిలో ఉంచుదామా అంటే, మైళ్లకొద్దీ పరుగెత్తడానికి పుట్టిన జీవిని నాలుగు గోడల మధ్య మూయడమే. పరుగు లేకపోతే దాని శక్తంతా సోఫాల మీదకీ తలుపుల మీదకీ మళ్లుతుంది. ఒంటరిగా వదిలేస్తే తోడేలులా ఊళ వేస్తుంది.

ఇదంతా విని బాబు నమ్మలేదు. కానీ వాళ్ల అపార్ట్‌మెంట్లోనే ఐదో అంతస్తులో రెండేళ్ల కిందట ఓ హస్కీ ఉండేది. ఊళ భరించలేక పక్క ఫ్లాట్లవాళ్లు గొడవపడ్డారు. ఆ ఇంటాయనకి బదిలీ అయ్యాక, ఊరి బయట ఎవరిదో తోటలో దాన్ని వదిలేసి వెళ్లారని వాచ్‌మన్‌ చెప్పాడు. ‘పోయిన ఎండాకాలం దాటలేదంట బాబూ’ అన్నాడు. ఆ రాత్రి బాబు అన్నం సరిగా తినలేదు. ఫోన్లో హస్కీ వీడియోలు మాత్రం ఆ తర్వాత పెట్టలేదు.

తెర మీద చూసి...

తప్పు బాబుది కాదు. పెద్దవాళ్లూ అలాగే ఎంచుకుంటారు. 2003లో ఓ సెల్‌ఫోన్‌ కంపెనీ ప్రకటనలో చిన్న కుర్రాడి వెంట ఎక్కడికెళితే అక్కడికి ఓ పగ్‌ వెళ్లేది గుర్తుందా? ఆ తర్వాత దేశమంతా పగ్‌ మోజే. 1996లో ‘101 డాల్మేషన్స్‌’ వచ్చాక అమెరికాలో పిల్లల కోసం చుక్కల కుక్కల్ని కొన్న ఎంతోమంది, ఆ హుషారు భరించలేక శరణాలయాల్లో వదిలేశారు. 1927 నుంచి 2004 దాకా కుక్కలు కనిపించిన 87 సినిమాలని పరిశీలించిన పరిశోధకులు 2014లో ఓ సంగతి చెప్పారు. సినిమా హిట్టయితే, అందులో కనిపించిన జాతికి గిరాకీ పదేళ్ల దాకా పెరుగుతూ ఉండొచ్చట! సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. కుక్క మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

పగ్‌ సంగతే చూడండి. చిన్నది, అల్లరి తక్కువ, పిల్లలతో కలిసిపోతుంది. ఫ్లాటుకి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ చప్పిడి మూతే దానికి శత్రువు. ముక్కురంధ్రాలు ఇరుకు, గొంతులో మెత్తటి కండ ఎక్కువ. గాలి సరిగా ఆడదు. అది గురక పెడుతుంటే మనకి ముద్దొస్తుంది. నిజానికది ఊపిరి కోసం పడే పాట్లు! మన ఎండల్లో మధ్యాహ్నంపూట కాస్త దూరం నడిపించినా సొమ్మసిల్లే ప్రమాదముంది. లండన్‌లోని రాయల్‌ వెటర్నరీ కాలేజీ 2022లో వెల్లడించిన అధ్యయనంలో, మిగతా కుక్కలతో పోలిస్తే పగ్‌లకి జబ్బులొచ్చే అవకాశం దాదాపు రెండింతలని తేలింది. షిట్జూ, ఫ్రెంచ్‌ బుల్‌డాగ్‌ లాంటి మిగతా చప్పిడి మూతి కుక్కల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

‘మరి లాబ్రడార్‌?’ అంటారా! మంచి కుక్కే. మనిషంటే ప్రాణం పెడుతుంది, చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. అయితే అది న్యూఫౌండ్‌లాండ్‌ తీరంలో జాలర్లతో కలిసి చన్నీళ్లలో ఈదిన జాతి. పెద్దయ్యాక పాతిక నుంచి ముప్ఫయ్యారు కిలోల దాకా తూగుతుంది. తిండి చూస్తే ఆగదు. అందుకు కారణం ఉత్త తిండిపోతుతనమే కాదని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో, కడుపు నిండిందని మెదడుకి చెప్పే ఏర్పాటుకి సంబంధించిన ఓ జన్యువులో లోపం ఉందట. జాలిపడి ఒక ముద్ద ఎక్కువ పెట్టే ఇళ్లలో అవి పీపాల్లా తయారవుతాయి. ఆ బరువు మోయలేక తుంటి కీళ్లు అరుగుతాయి. రోజూ రెండుపూటలా గంటసేపు తిప్పగలిగినవాళ్లకే లాబ్రడార్‌. ముప్ఫై కిలోల కుక్క ఒక్కసారి గొలుసు లాగితే, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నిలబడగలదా? ఆ ఇంట్లో ఈ ప్రశ్న దగ్గరే లాబ్రడార్‌ మాట ఆగిపోయింది.

కాపలా కోసమని జర్మన్‌ షెపర్డ్‌నో రాట్‌వీలర్‌నో కొనేవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. ఇవి పని చేయడానికి పుట్టిన జాతులు. శిక్షణ, వ్యాయామం, ఇంట్లో ఒక మనిషి మాటకి లొంగి ఉండటం... ఈ మూడూ లేకుండా గేటు దగ్గర కట్టేస్తే దొంగ సంగతేమోగానీ పాలవాడికీ పనమ్మాయికీ భయం. 2024 మార్చిలో కేంద్రం రాట్‌వీలర్‌ సహా 23 రకాల కుక్కల పెంపకాన్ని కట్టడి చేయమని రాష్ట్రాలకి లేఖ రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత యజమానిదే.

మన గడ్డ మీది జాతులు

విదేశీ జాతుల మోజులో మన కుక్కల్ని మర్చిపోతున్నాం. 2005లో మన తపాలాశాఖ నాలుగు దేశీయ జాతుల మీద స్టాంపులు తెచ్చింది. హిమాలయన్‌ షీప్‌డాగ్‌, రాంపూర్‌ హౌండ్‌, ముధోల్‌ హౌండ్‌, రాజపాళయం. తెలుగునేలకీ సొంత జాతులున్నాయి. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన పేరు చెబితే అక్కడి కాపలా కుక్కలే గుర్తొస్తాయి. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందల్ని కాసే జోనంగి మరొకటి. పొట్టి బొచ్చుతో ఎండకి తట్టుకుని, ఇక్కడి నేలమీదే పెరిగిన జీవులివి.

అలాగని స్వదేశీ అన్న ఒక్క కారణంతో వీటినీ ఫ్లాటుకి తెచ్చేయకూడదు. ముధోల్‌ వేటకుక్క. కుందేలు కనిపిస్తే బాణంలా దూసుకుపోయే రకం. దానికి మైదానం కావాలి. పందికోన కుక్కకి పొలమో పెద్ద ఆవరణో ఉండాలి. రాజపాళయం ఒక్కరికే ఎక్కువ మాలిమి అవుతుంది, కొత్తవాళ్లని త్వరగా దగ్గరికి రానివ్వదు. వచ్చీపోయే చుట్టాలతో కళకళలాడే ఇంటికి అది కష్టం.

ఇంతకీ జాతిని చూసి కుక్క స్వభావం చెప్పేయొచ్చా? పూర్తిగా చెప్పలేం. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువుల్ని పరిశీలించి 2022లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే... ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే! మిగతాది ఆ కుక్క తీరు, అది పెరిగిన తీరు. ఎంత పెరుగుతుంది, ఎంత బొచ్చుంటుంది, మూతి ఎలా ఉంటుంది, ఏ పనికి పుట్టింది... జాతి నమ్మకంగా చెప్పేది ఇవే. ‘ఈ జాతి కుక్క అస్సలు కరవదండీ’ అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

నానమ్మ పెట్టిన షరతులు

డాక్టర్‌ దగ్గర్నుంచి వచ్చాక ఆ ఇంట్లో నానమ్మని కూర్చోబెట్టి అడిగారు. ఆవిడ నవ్వేసింది. ‘ఇప్పటికి అడిగారా! నేను పుట్టిన ఇంట్లో ఎప్పుడూ రెండు కుక్కలుండేవిరా. కుక్కకి అన్నం పెట్టడం నాకు కొత్తా? కానీ నాయనా, అప్పుడు వాకిలుంది, పొలముంది. అది దాని తిరుగుడు అదే తిరిగొచ్చేది. ఇక్కడ లిఫ్టులో దింపి, రోడ్డు దాటించి, అది దొడ్డికెళ్లాక ఎత్తిపోయాలి. నా మోకాళ్లతో అది నావల్ల కాదు’ అంది.

తర్వాత షరతులు పెట్టింది. పొద్దున మనవడు తిప్పాలి. సాయంత్రం కొడుకు. ఆదివారం స్నానం, గోమార్లు ఏరడం కోడలూ మనవడూ కలిసి. మధ్యాహ్నం అన్నం, కాపలా తనది. ఇంకో మాట కూడా అంది. ‘పిల్ల వద్దు. చంటిపిల్లలా రాత్రంతా ఏడుస్తుంది, ఇల్లంతా తడిపేస్తుంది. కాస్త పెద్దయిన కుక్కని తెండి. దాని బుద్ధేమిటో తెలిసిపోతుంది.’

‘అత్తయ్య చెప్పిందే కరెక్టు’ అంది కోడలు. బాబు మాత్రం రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. హస్కీ పోయింది, కుక్కపిల్లా పోయింది... వాడి బాధ వాడిది.

పెద్ద కుక్క మాలిమి కాదేమో అన్న అనుమానం చాలామందికుంది. నిజానికి ఎదిగిన కుక్క ఎంత సైజుంటుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, ఒంటరిగా ఉండగలదా అన్నవి కళ్లముందే కనిపిస్తాయి. 1992 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్న బ్లూక్రాస్‌ లాంటి సంస్థల దగ్గర రక్షించి తెచ్చిన నాటుకుక్కలతోపాటు, యజమానులు వద్దనుకున్న జాతికుక్కలూ ఉంటాయి. ఆ కుటుంబం కూడా ఇలాంటి ఓ శరణాలయానికే వెళ్లింది. ఒకసారి కాదు, మూడు ఆదివారాలు. మూడోసారి వెళ్లినప్పుడు మూడేళ్ల గోధుమరంగు నాటుకుక్క వచ్చి నానమ్మ చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంది. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ అన్నీ అయినవే. ఇంటికొచ్చాక మొదటి వారం మంచం కింద నుంచి బయటికి రాలేదు. రెండో వారం బాబు చెప్పు కొరికేసింది. మూడో వారం వాడు బడినుంచొచ్చే వేళకి తలుపు దగ్గర కూర్చోవడం మొదలెట్టింది.

కొనాల్సే వస్తే...

దత్తతకి మనసొప్పక కొందామనుకుంటే, చూసి కొనాలి. ఫొటో చూసి అడ్వాన్సు పంపడం, బస్టాండు దగ్గర చేతులు మార్చుకోవడం అస్సలు వద్దు. 2017లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఏడాదిన్నర నిండని ఆడకుక్కతో పిల్లల్ని పెట్టించకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్‌ కాగితం అడగండి. పిల్లని దాని తల్లి దగ్గరే చూడండి. తల్లి చిక్కి శల్యమై ఉన్నా, అసలు చూపించకపోయినా వెనక్కి వచ్చేయండి. ‘కెన్నెల్‌ క్లబ్‌ సర్టిఫికెట్‌ ఉందండీ’ అంటారు. అది వంశం చెప్పే కాగితమే, ఆరోగ్యానికి హామీ కాదు.

తెచ్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్‌ టీకాలు మొదలవ్వాలి. మూడు నెలలు నిండాక రేబిస్‌ టీకా, ఆ తర్వాత ఏటా డాక్టర్‌ చెప్పినట్టు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లని రోడ్డుమీద తిప్పకూడదు. మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోవాలి. అద్దింట్లో ఉంటే ఇంటాయనతో ముందే మాట్లాడాలి. అపార్ట్‌మెంట్‌ సంఘాలు కుక్కల్ని పెంచుకోవద్దని నిషేధించకూడదనీ, లిఫ్టు ఎక్కనివ్వకుండా చేయకూడదనీ భారత జంతుసంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. అయితే గొలుసు లేకుండా వదలడం, మెట్లమీద మురికి చేస్తే ఎత్తకపోవడం మన హక్కు కాదు. అలాంటి ఒక్కరివల్లే మిగతావాళ్లకి కుక్కలంటే విరోధం పుడుతుంది.

పన్నెండేళ్ల లెక్క

ఇన్ని చెప్పాక కూడా ‘మాకు కుదరదు’ అనిపిస్తే, అదీ బాధ్యతే. ఏడాది ఆగండి. పిల్లల్ని అప్పుడప్పుడూ శరణాలయానికి తీసుకెళ్లి కుక్కల్ని తిప్పనివ్వండి. ఊరెళ్లిన పక్కింటివాళ్ల కుక్కని వారంపాటు చూసుకోనివ్వండి. పొద్దున్నే లేచి వారం రోజులు ఆ పని చేయగలిగిన పిల్లాడి మాటకి విలువుంటుంది.

అన్నిటికన్నా ముందు చిన్న లెక్క వేయాలి. పన్నెండేళ్ల బాబు ఇవాళ కుక్కపిల్లని తెస్తే, అది ముసలిదయ్యేసరికి వాడికి పాతికేళ్లు. అప్పటికి వాడు ఏ బెంగళూరులోనో, ఏ డల్లాస్‌లోనో ఉంటాడు. మన తెలుగిళ్లలో ఇది కొత్త సంగతేం కాదుగా! పిల్లలు తెచ్చిన కుక్కల్ని ముసలి తల్లిదండ్రులే సాకుతున్న ఇళ్లు ఎన్నో. చూపు మందగించి, కీళ్లు పట్టేసి, రాత్రిపూట పక్క తడిపే కుక్కని ఒళ్లో పెట్టుకుని డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లేది వాళ్లే.

కాబట్టి ఏ జాతి కుక్క కావాలో పిల్లల్ని తప్పకుండా అడగండి. పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో దానితో మిగిలేది ఎవరో, వాళ్లని మాత్రం రెండుసార్లు అడగండి.